పద్దెనిమిది నిండిన మర్నాడు



ప్రత్యేక విద్యలో పట్టభద్రులైన మీరు రేపు చేరబోయే బడుల్లో ఎక్కువమంది చిన్నపిల్లలే ఉంటారు. ఆ పిల్లలు పెద్దయ్యాక ఏమవుతున్నారన్నది నా బెంగ.

40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం చెబుతోంది. పద్దెనిమిది నిండిన మర్నాడు మేధోవైకల్యం ఉన్న అమ్మాయి ఎక్కడికి వెళ్లాలి? చాలా ఇళ్లలో టీవీ ముందుకే. బడిలో కష్టపడి నేర్చుకున్న అక్షరాలు, డబ్బు లెక్కలు వాడుక లేక మరుపున పడతాయి. 'నేను పోయాక నా బిడ్డకెవరు దిక్కు?' అని ఆ తల్లి కుమిలిపోతుంది.

అదే చట్టంలో 18వ సెక్షన్ ఉంది. దాన్ని తలచుకునేవారు తక్కువ. వయోజన విద్యలో, నిరంతర విద్యలో దివ్యాంగులకు అందరితో సమానంగా చోటు కల్పించే బాధ్యతను ప్రభుత్వాలకు, స్థానిక సంస్థలకు అది అప్పగించింది. తర్వాతి సెక్షన్ వృత్తి శిక్షణ, స్వయం ఉపాధి గురించి. ప్రభుత్వ ఉద్యోగాల్లో రిజర్వేషన్ 3 నుంచి 4 శాతానికి పెరిగింది. ఆటిజం, మేధోవైకల్యం ఉన్నవారికీ అందులో వాటా దక్కింది. చట్టంలో లోటు లేదు. ఊళ్లలో నేర్పే మనుషులు లేరు.

నేర్పడమంటే ఏమిటో శిక్షణ కేంద్రాల్లో మీరు చూసే ఉంటారు. లెక్క రాని యువకుడి ముందు పది గళ్లు గీసిన అట్ట ఉంటుంది. గడికొక పేపరు కవరు పెడతాడు. గళ్లన్నీ నిండగానే తీసి రబ్బరు బ్యాండు వేస్తాడు. పది వరకు లెక్కపెట్టలేకపోయినా అతని కట్టలో ఒక్క కవరు తగ్గదు. అతను ఎక్కడ తడబడుతున్నాడో పక్కన కూర్చుని గమనించిన టీచరు చేసిన అట్ట అది. ఆ తర్వాత బస్సు నంబరు గుర్తుపట్టడం, చిల్లర సరిచూసుకోవడం, ఆలస్యమైతే ఇంటికి ఫోన్ చేయడం. ముప్పై ఏళ్లకూ నేర్చుకుంటారు, నలభైకీ నేర్చుకుంటారు. వయసు దాటిపోయిందన్న మాటను నేనొప్పుకోను.

చూపులేని శ్రీకాంత్ బొల్లా ఇంటర్లో సైన్సు చదవడానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. తర్వాత ఆయన అమెరికాలో ఎంఐటీలో చదివి, హైదరాబాద్‌లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ స్థాపించి దివ్యాంగులకు పని కల్పించారు. గర్వపడదాం. అయితే ప్రతి ఒక్కరూ అంత పోరాడితేనే బతుకు దొరకడం అన్యాయం. కవర్లు కట్టే చేతులకూ న్యాయమైన జీతం రావాలి. చేతిఖర్చులకని నాలుగు నోట్లిచ్చి సరిపెట్టడం నాకు సమ్మతం కాదు.

మిత్రులారా, మీరు చేరే బడిలో పద్దెనిమిదేళ్లు నిండి వెళ్లిపోయినవారి పేర్లు అడిగి తీసుకోండి. వాళ్ల ఇళ్లకు వెళ్లండి. వారంలో రెండు సాయంత్రాలైనా తరగతి గదులు వారికోసం తెరిపించండి. చుట్టుపక్కల దుకాణాలు, బేకరీలు, ప్రింటింగ్ ప్రెస్సుల యజమానులతో మాట్లాడి పని ఇప్పించండి. పనిలో కుదురుకునేదాకా పక్కన నిలబడండి.