క్రిస్మస్ పళ్ళెము ఎవరి యింటికి?

(క్రిస్మస్‌కు ముందు వడమాలపేట స్త్రీల సమాజ కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



డిసెంబరు రెండవ వారము దాటెనో లేదో మన వీధులలో నూనె కాగిన వాసన వచ్చును. గుడికి సున్నము వేయించుట, నక్షత్రము కట్టుట, పాటలు అభ్యసించుట పురుషులును యౌవనులును చూచుకొనుచుండగా, పిండి దంచుట, పాకము పట్టుట మీ వంతు. ఈ పని గూర్చి ప్రసంగములలో చెప్పుట అరుదు. అందుచేత నేడు దీనినే ఎత్తుకొనుచున్నాము.

కాలము కూడ మనకు అనుకూలమైనదే. అప్పటికి వేరుశెనగ యిల్లు చేరియుండును, గానుగలు తిరిగి క్రొత్త బెల్లము అంగళ్ళకు వచ్చును. 2022లో మన మండలము తిరుపతి జిల్లాలోనికి వచ్చినను బెల్లము మాత్రము చిత్తూరు బెల్లమే! అరిసెలు, కజ్జికాయలు, మురుకులు, నిప్పట్లు దొరలు నేర్పినవి కావు. మన పెద్దలు బాప్తిస్మము పొందిన దినమున పొయ్యిని విడిచి రాలేదు గదా. సంక్రాంతి అరిసెనే మూడు వారములు ముందుగా వండి ప్రభువు జన్మదినమునకు పెట్టిరి.

గులాబీ పువ్వుల సంగతి వేరు. కాగిన నూనెలో ఇనుప అచ్చును వేడి చేసి, ముప్పాతిక వరకే పిండిలో ముంచవలెను. పూర్తిగా ముంచినచో పిండి పైకెక్కి పువ్వు అచ్చును విడువదు. ఇటువంటి అచ్చుతోనే నార్వే, స్వీడను దేశములలోను క్రిస్మస్‌కు పువ్వులు వేయుదురు. 1865లో సూళ్ళూరుపేటలో పని ఆరంభించిన మీలియస్ దొరగారు జర్మనీలోని హెర్మన్స్‌బర్గు మిషనువారు. ఆ దేశములో క్రిస్మస్‌కు ముందు నాలుగు వారములు ఇంటింట బిస్కెట్లు కాల్చుట ఆచారము. అందులో పడు లవంగము, ఏలకులు, దాల్చినచెక్క మన తట్టునుండి ఓడలెక్కి పోయినవే. కాబట్టి ఎవరి వంట ఎవరిదని గర్వించుటకు ఎవరికిని చోటు లేదు.

ఇక కేకు. 1883లో కేరళలోని తలశ్శేరిలో మాంబళ్ళి బాపు అను బేకరీ యజమాని ఒక దొరగారి కొరకు క్రిస్మస్ కేకు కాల్చెనని చెప్పుదురు. మన పల్లెలలో ఓవెను లేని దినములలో గిన్నెలో ఇసుక పోసి, మూత మీద నిప్పులు వేసి కాల్చినవారు ఉండిరి. మైదా, చక్కెర, డాల్డా పట్టణపు బేకరీకి మోసికొనిపోయి, కూలి యిచ్చి, డబ్బా నిండ బిస్కెట్లు కాల్పించుకొని వచ్చినవారును ఉండిరి. ఇప్పుడైతే పెట్టె కొనుట తేలిక.

వండుట సరే, అది ఎవరి యింటికి పోవుచున్నది? నెహెమ్యా 8వ అధ్యాయము చూడుడి. ధర్మశాస్త్రము విని జనులు ఏడ్చుచుండగా, ఏడువవద్దు, పోయి మంచి భోజనము చేయుడి అని వారికి చెప్పబడెను. దానితో సరిపెట్టలేదు. ఆ దినమునకు తమ యింట ఏమియు లేనివారికి భాగములు పంపుమని కూడ చెప్పబడెను. మన పళ్ళెములు ఎక్కువగా ఎక్కడికి పోవుచున్నవి? తిరిగి పళ్ళెము రాగల యింటికే. ఆరు కజ్జికాయలు పోయినచో ఆరు రావలెను, ఒకటి తగ్గినచో మరుసటి యేటికి కూడ మరువము!

సంవత్సరములోపల మరణము జరిగిన యింట నూనె మూకుడు పొయ్యి మీద పెట్టరు. అది అన్యాచారమని కొందరు వాదింతురు. ఆ వాదము ఆ యింటి వాకిట చేయదగినది కాదు. మొదటి పళ్ళెము అక్కడికి పోవలెను. ఇటుక బట్టీల దగ్గర గుడిసెలు వేసికొన్న కుటుంబములకును, కొడుకులు కువైటు పోగా ఒంటరిగానున్న ముసలివారికిని తరువాతి పళ్ళెములు.

హిందూ సోదరుల యిండ్లకు పంపునప్పుడు ఒకటి జ్ఞాపకముంచుకొనవలెను. క్రిస్మస్ ఎప్పుడును ధనుర్మాసములోనే వచ్చును. తిరుమల కొండ మనకు దూరము కాదు. ఈ నెలలో గ్రుడ్డు ముట్టని యిండ్లు చాల కలవు. అయ్యప్ప మాల వేసినవారును ఉందురు. కేకులోనే గాక గులాబీ పువ్వులలో కూడ కొందరు గ్రుడ్డు కలుపుదురు. కాబట్టి క్రొత్త నూనెలో గ్రుడ్డు లేని వాయి ముందు తీసి, వారికి వేరుగా ఉంచుడి. గ్రుడ్డు వేసి లేదని మాత్రము చెప్పవద్దు. భోజనము విషయమై సహోదరుని మనస్సును నొప్పింపకూడదని పౌలు రోమీయులకు వ్రాసిన 14వ అధ్యాయము మన వంటింటికి కూడ చెందును.

చెప్పక తప్పని మాట ఒకటున్నది. మన చేతి అరిసె కొన్ని వాకిళ్ళలో నేటికిని లోపలికి పోదు. అరటిపండ్లయితే తీసికొందురు, సీలు వేసిన కేకు పెట్టె అయితే నవ్వుచు తీసికొందురు. అందుచేత మనవారు అనేకులు గొడవ ఎందుకని పెట్టెలకు మారిరి. మన సంఘములో ఒక పెద్ద తల్లి మాతో ఇట్లనెను: “అయ్యగారూ, పెట్టె తీసుకుంటే అంగిడోడి చెయ్యి తీసుకున్నెట్టు. నా చెయ్యి యాడ తీసుకున్నారు?” దీనికి మేము వేదాంత కళాశాలలో చదివినదేదియు జవాబు కాలేదు. ఆమె ఇప్పటికిని అరిసెలే పంపును. రెండిండ్లవారు తీసికొనరు, మూడవ యింటి పిల్లలు పరుగెత్తి వచ్చి అక్కడే నిలువబడి తిందురు.

అయితే ఊరివారిని అనుటకు ముందు మనలను చూచుకొందము. ఒకే బల్లయొద్ద ప్రభురాత్రి భోజనము తీసికొనుచున్న మనలో ఈ పల్లె పళ్ళెము ఆ పల్లెకు పోవుచున్నదా? ఆ పల్లె కోడలు పిండి కలిపినచో ఈ పల్లె అత్త నోట పెట్టుకొనునా? అంతియొకయలో పేతురు భోజనపు బంతి నుండి వెనుకకు తగ్గినప్పుడు పౌలు అందరి యెదుట ఆయనను నిలదీసెను. గలతీ పత్రిక రెండవ అధ్యాయములో అది యున్నది. పేతురంతటివానిని అడిగిన ప్రశ్న మనలను అడుగకుండునా?

కావున ఈ యేడు ఎవరి పొయ్యి వారిది కాక, గుడి ఆవరణలో రెండు పొయ్యిలు వేసి, రెండు పల్లెల స్త్రీలు కలిసి వండవలెనని మా మనవి. బియ్యము, బెల్లము ఎవరికి కలిగినంత వారు తెండు. పాకము చూచుటకు పెద్దవారు, పువ్వులు వేయుటకు కోడండ్రు కూర్చుండుడి. పళ్ళెములు మోయునప్పుడు ఈ పల్లెవారొకరు, ఆ పల్లెవారొకరు జతగా పొండు. ఏ యే యిండ్లకు పోవలెనో పెద్దలు ఈ ఆదివారము వ్రాసి ఇయ్యవలెను.

గులాబీ అచ్చులు మా యింట రెండున్నవి, అమ్మగారిని అడిగి తీసికొనవచ్చును. క్రొత్త అచ్చు కొన్నవారు రాత్రియంతయు నూనెలో నానవేసి తెండు, లేనిచో మొదటి పది పువ్వులు దాని నుండి ఊడి రావు.