పగ్ కుక్క – మన వేసవి

ముడుతలు పడిన నుదురు, గుండ్రని పెద్ద కన్నులు, వీపుమీదికి చుట్టుకొనిన తోక – పగ్ జాతి కుక్కను ఒకసారి చూచినవారు మరువరు. 2003వ సంవత్సరమున హచ్ టెలిఫోను కంపెనీ ప్రకటనలో బాలుని వెంట నడచినది ఇదియే. ఆ పిమ్మట మన పట్టణములలో దీనికి గిరాకి పెరిగినది.

దీని పుట్టినిల్లు చీనాదేశము. పదునారవ శతాబ్దమున డచ్చి వర్తకులవలన ఐరోపా చేరినది. వేట దీని వృత్తి కాదు, కావలియు అంతంతమాత్రమే. మనుష్యుని చెంత నుండుటయే దీని పని. పిల్లల అల్లరిని సామాన్యముగా ఓర్చుకొనును. ఎనిమిది కిలోల శరీరము గనుక రెండు గదుల ఇంటిలోను ఇముడును. ఇంతవరకు మాకును దీనిపై మక్కువయే.

అయితే ఇంటిల్లిపాదిని నవ్వించు ఆ గురక మాట యేమి? అది ముద్దు కాదు, ఊపిరాడని చప్పుడు. చిత్రకారుడు హోగార్త్ 1745లో తన పగ్‌తో కూడ చిత్రించుకొనిన చిత్రమును చూచినచో, ఆనాటి కుక్కకు ముట్టె స్పష్టముగా గలదు. తరువాత చప్పిడి ముఖముపై మోజుతో మనుష్యులు ఏరి ఏరి పెంచగా ఎముక కురుచయైనదిగాని లోపలి కండ ఆ మేరకు తగ్గలేదు. అంగిలి వెనుకకు సాగి శ్వాసకు అడ్డుపడుచున్నది. ఆరోగ్య విషయమున పగ్‌ను ఇక సామాన్యమైన కుక్కగా ఎంచరాదని లండనులోని రాయల్ వెటర్నరీ కళాశాల పరిశోధకులు 2022లో తేల్చిరి.

కుక్కకు మనవలె ఒడలెల్ల చెమట పట్టదు; నాలుక చాచి వగర్చియే వేడిని పోగొట్టుకొనవలెను. వగర్చుటకే వీలు చాలని ప్రాణికి విజయవాడ, రామగుండము ఎండలు ఎట్లుండునో ఊహింపవచ్చును. వేసవిలో తెల్లవారుజామున తప్ప వీధికి తీసికొని పోరాదు. మూసిన కారులో క్షణమైనను విడువరాదు. నాలుక నీలివర్ణమునకు తిరిగినను, తూలిపడినను, ఒడలిపై చల్లనీరు పోసి, గాలి తగులజేసి, వెంటనే పశువైద్యునికడకు చేర్చవలెను. మెడకు గాక ఛాతీకి పట్టీ కట్టుట మంచిది. ముఖముపై ముడుతలను తుడిచి పొడిగా నుంచవలెను. కన్ను ఎఱ్ఱబడిన జాగు చేయరాదు. అన్నిటికంటె కష్టమైనది, అది దీనముగా చూచునపుడు జిలేబి ముక్క పెట్టకుండుట. ఈ సంగతి బామ్మగారికి ముందుగానే నచ్చజెప్పవలెను! క్రొవ్వు పెరిగినకొలది ఊపిరి మరింత బిగియును.

కొనదలచినవారు పిల్లనేగాక తల్లిని గూడ చూపుమని అడుగుదురుగాక. నాలుగడుగులకే రొప్పు తల్లి యొక్క పిల్లను, ఎంత ముద్దుగా నున్నను, విడిచివేయుటయే మా సలహా. ఇప్పటికే ఇంట నున్నదానికి గురక హెచ్చినచో, ఇరుకైన ముక్కురంధ్రములను వెడల్పుచేయు శస్త్రచికిత్స కలదు. వేసవికి ముందే పశువైద్యుని అడుగవచ్చును.