రవ్వంత మెరుపు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పొద్దుటి నుంచి ఈ సభలో ఒక ఇంగ్లీషు మాట చాలాసార్లు వినబడింది: ‘సింటిలేటింగ్’. పిల్లల నాట్యం సింటిలేటింగ్, పదో తరగతి ఫలితాలు సింటిలేటింగ్. మిరుమిట్లు గొలిపేది అని మన భావం. నేను ఇంజనీరును, భాషా పండితుణ్ణి కాను. అయినా ఆ మాట గురించి నాలుగు ముక్కలు చెప్పాలనిపించింది.

దీని మూలం లాటిన్‌లోని ‘సింటిల్లా’. అంటే నిప్పురవ్వ. ఆ మాటే అక్షరాలు తారుమారై, పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు చేరి ‘టిన్సెల్’ అయింది. పండగ అలంకరణల్లో వాడే తళుకు తీగ అదే. ‘స్టెన్సిల్’ కూడా ఆ ఇంటి బిడ్డే. పరీక్ష పేపర్లు సైక్లోస్టైల్ చేయడానికి మాస్టార్లు రాసిన స్టెన్సిల్ కాగితం గుర్తుందా? దాని పేరులోనూ నిప్పురవ్వ దాగి ఉంది.

తమాషా ఏమిటంటే, నేటి ఇంగ్లీషులో ‘సింటిల్లా’ అంటే పిసరంత. ‘సింటిల్లా సాక్ష్యం కూడా లేదు’ అంటారు లాయర్లు. కళ్లు చెదిరే వెలుగుకీ, పిసరంతకీ ఒకటే మూలం! మనకిది వింత కాదు. నిప్పురవ్వ, రవ్వంత, రవ్వల దుద్దులు: మన ‘రవ్వ’ కూడా అంతేగా!

1909లో మాంచెస్టర్‌లో రూథర్‌ఫర్డ్ దగ్గర పనిచేసిన గైగర్, మార్స్‌డెన్‌లు జింక్ సల్ఫైడ్ తెర మీద ఆల్ఫా కణాలు పడ్డప్పుడల్లా మెరిసే చుక్కల్ని మైక్రోస్కోపులో చూసి లెక్కపెట్టారు. వాటి పేరు ‘సింటిలేషన్లు’. అవి కనబడాలంటే ముందు చీకట్లో కూర్చుని కళ్లను అలవాటు చేసుకోవాలి. లోహపు రేకుకు తగిలి వెనక్కి తిరిగొచ్చిన కణాలు బహు కొద్ది. ఆ కాసిని మెరుపులే 1911లో రూథర్‌ఫర్డ్ పరమాణు కేంద్రకాన్ని ఊహించడానికి దారి చూపాయి.

మన గురువులూ అంతే ఓపికగా మనలో రవ్వలు వెతికారు.

మన సంఘం బహుమతులన్నీ మార్కుల్లో ముందున్నవారికే వెళ్తున్నాయి. వాళ్ల వెలుగు అందరికీ కనబడుతూనే ఉంది. ఈ ఏడాది నుంచి మరొక బహుమతి పెడదాం. మార్కులు అడగొద్దు. ‘ఈ బిడ్డలో రవ్వంత మెరుపు చూశాను’ అని టీచరు చెబితే చాలు, ఆ బిడ్డ ఏడాది చదువు ఖర్చు మనం భరిద్దాం. మొదటి ఏడాదిది నేను ఇస్తాను. తీర్మానం మీరు చేయండి.