పైకప్పు మార్చాలంటే డబ్బెలా?

పెంకులు జారిపోయాయి. లేదా పాత స్లాబు పెచ్చులూడి చువ్వలు బయటపడ్డాయి. వానలు పడేలోపు కప్పు మార్చక తప్పదు. మరి డబ్బు?

ముందు ఇద్దరు మేస్త్రీల చేత అంచనా రాయించండి. సామానెంతో, కూలీ ఎంతో విడివిడిగా ఉండాలి. బ్యాంకువాళ్లూ ఆ కాగితమే అడుగుతారు. మళ్లీ చెబుతున్నాను: ముందు అంచనా, తర్వాతే అప్పు.

ఉద్యోగులు పీఎఫ్ ఖాతా చూసుకోండి. నిబంధనల ప్రకారం ఇంటి మరమ్మతుకు అడ్వాన్సు తీసుకోవచ్చు. దానికి వడ్డీ లేదు, తిరిగి కట్టే పనీ లేదు. కానీ అది ముసలితనానికి దాచుకున్న సొమ్ము. అవసరమైనంతే తీయండి.

ఇప్పటికే గృహరుణం కడుతున్నారా? అదే బ్యాంకులో టాపప్ అడగండి. గృహరుణం లేనివాళ్లకు మరమ్మతు రుణం విడిగా ఉంటుంది. పర్సనల్ లోన్ కన్నా వీటికి సాధారణంగా వడ్డీ తక్కువ.

డ్వాక్రా సంఘంలో ఉన్న అక్కచెల్లెళ్లు సంఘం పొదుపులోంచి అప్పు అడగవచ్చు. ఆ వడ్డీ సంఘానికే, అంటే మీకే చేరుతుంది. చిన్న పనులకు ఇంతకన్నా మంచి దారి నాకు కనిపించదు.

బంగారం మీద అప్పు గంటల్లో దొరుకుతుంది. గడువు దాటితే మాత్రం వేలం వేస్తారు. పంట డబ్బో, చీటీ డబ్బో ఎప్పుడొస్తుందో ఖాయంగా తెలిస్తేనే తాకట్టు పెట్టండి.

మేస్త్రీకి మొత్తం ముందే ఇవ్వకండి. గట్టి వాన పడి, కప్పు కారలేదని చూశాకే చివరి వాయిదా ఇచ్చేలా మాట్లాడుకోండి.