వినే మనిషి కావాలి, విన్నది దాచే మనిషి కావాలి
(మండల సమాఖ్య మహాసభలో చేసిన ప్రసంగం)



పొదుపుకు, అప్పుకు, వడ్డీకి మన దగ్గర పుస్తకాలున్నాయి. కానీ మీటింగుకు వచ్చి, సంతకం పెట్టి, ఒక్క మాటా మాట్లాడకుండా వెళ్ళిపోయే అక్క సంగతి ఏ పుస్తకంలోనూ ఉండదు. నిద్ర పట్టడం లేదంటే గాలి సోకిందంటారు. పని చేయబుద్ధి కావడం లేదంటే బద్ధకం అంటారు. ఇంట్లో తాగుడు, గుమ్మంలో ఫైనాన్సు వాళ్ళ కిస్తీ. ఈ రెండింటి మధ్య నలిగే మనిషి ఎవరితో చెప్పుకోవాలి?

ఈ ఏడాది మా గ్రామ సంఘానికి ఎం.ఎస్.డబ్ల్యు. చదివే ఇద్దరు ఆడపిల్లలు వారానికి రెండు రోజులు ఫీల్డ్ వర్కుకు వచ్చారు. పెళ్ళి కాని పిల్లలు సంసారం గురించి మనకేం చెబుతారని కొందరు అడిగారు. ఆ పిల్లలు నీతులేమీ చెప్పలేదు. పక్కన కూర్చుని, మధ్యలో అడ్డం రాకుండా విన్నారు.

వాళ్ళతో పాటు మేమూ నేర్చుకున్నాం. చనిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడిగితే లేని ఆలోచన పుట్టదు, లోపలున్నది బయటికి వస్తుంది. పురుగుమందు డబ్బా ఇంట్లో చేతికి అందేలా ఉంచకూడదు. 14416 టెలీ మానస్ నంబరు 2022 అక్టోబరు 10న మొదలైంది. రాత్రీపగలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఇంకో సంగతి. పోలీసు కేసు అవుతుందని భయపడి, మందు తాగిన మనిషిని ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి వెనకాడతారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. ఆ మనిషికి వైద్యం, ఆదరణ అందించడం ప్రభుత్వం బాధ్యత.

అయితే పరీక్షలు దగ్గరపడగానే పిల్లలు రావడం ఆగిపోయింది. వాళ్ళకు మనసు విప్పి చెప్పుకున్న ఒక అక్క, వాళ్ళు వచ్చే రోజున సంఘం ఆఫీసు అరుగు మీద సాయంత్రం దాకా కూర్చుంది. "నా మాటలన్నీ పట్టుకుపోయారు గదమ్మా" అంది. ఆ మాట మమ్మల్ని నిద్రపోనివ్వలేదు. పిల్లలకు చదువు ముఖ్యమే. కానీ వాళ్ళు నేర్చుకునేది మన కష్టం మీద.

అందుకే కాలేజీకి ఉత్తరం రాశాం. లెక్చరర్ గారిని పిలిపించి, కూర్చుని నాలుగు నియమాలు పెట్టుకున్నాం.

ఒకటి, ఎప్పటిదాకా ఉంటారో మొదటి రోజే చెప్పాలి. వెళ్ళే నెల ముందు నుంచే, అవసరమైన అక్కను ఆసుపత్రి డాక్టరుకో, తర్వాత చూసుకునే వాళ్ళకో దగ్గరుండి పరిచయం చేయాలి.

రెండు, రిపోర్టులో పేరు, వీధి, ఫోటో ఉండకూడదు. లీడర్లమైనా మేం అడగం. ప్రాణాపాయం ఉంటే మాత్రం కాపాడేవాళ్ళకు వెంటనే చెప్పాలి.

మూడు, చెప్పుకున్న బాధ లోను దగ్గరికి రాకూడదు. "ఆమెకు మనసు బాగోలేదు, అప్పు ఎలా ఇస్తాం" అనే మాట ఏ మీటింగులోనూ వినిపించకూడదు. బకాయి వసూలుకు ఈ పిల్లలను వెంట తీసుకెళ్ళకూడదు.

నాలుగు, వాళ్ళు ఇంకా విద్యార్థులు. లెక్చరర్ గారు క్రమం తప్పకుండా వచ్చి చూడాలి. మాత్రలు వేసుకోమనడం, మానేయమనడం డాక్టరు పని.

కొందరు అక్కలు, ఈ గొడవంతా ఎందుకు, పిల్లల్ని రావద్దందాం అంటున్నారు. రావద్దంటే ఆ అక్క మళ్ళీ ఒంటరిదవుతుంది. రమ్మందాం, కానీ మన షరతుల మీద రమ్మందాం. ఈ నాలుగు నియమాలను అన్ని గ్రామ సంఘాలకు వర్తించేలా ఈరోజే తీర్మానం రాయాలని, కాలేజీ వాళ్ళతో సంతకం అయ్యాకే కొత్త విద్యార్థులను తీసుకోవాలని మా సంఘం తరపున కోరుతున్నాం.