ఎనిమిది రూపాయల పావలా

1982 ఆసియా క్రీడల కోసం ఢిల్లీలో స్టేడియాలూ ఫ్లైఓవర్లూ లేస్తున్నప్పుడు, అక్కడి కూలీకి చట్టప్రకారం దక్కాల్సింది రోజుకు 9 రూపాయల 25 పైసలు. కాంట్రాక్టరు ఆ డబ్బు కూలీలను తెచ్చిన జమాదారుకిచ్చేవాడు. జమాదారు తన కమీషన్ కింద రూపాయి పట్టుకుని మిగతాది కూలీ చేతిలో పెట్టేవాడు. దీనిపై పీపుల్స్ యూనియన్ ఫర్ డెమోక్రటిక్ రైట్స్ అనే హక్కుల సంస్థ రాసిన ఉత్తరాన్నే సుప్రీంకోర్టు పిటిషన్‌గా తీసుకుంది. కనీస వేతనం కన్నా తక్కువకు చేయించుకున్న పని రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన నిర్బంధ శ్రమే అవుతుందని 1982 సెప్టెంబరులో తేల్చింది. ఆకలీ పేదరికమూ పెట్టే ఒత్తిడి కూడా బలవంతమేనని జస్టిస్ పి.ఎన్. భగవతి రాశారు.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. ఆకలి ఎవరో పెట్టింది కాదు కదా, పని ఇచ్చినవాడు మేలే చేశాడు కదా అంటారు. ఒక మనిషి మరో మనిషిని తన ఇష్టానికి లొంగదీసుకుంటేనే బలవంతమని ఆర్థికవేత్త హాయక్ వంటివారి వాదం. పైగా, బతకడానికి చేసే పనంతా బలవంతమే అయితే గుమాస్తా ఉద్యోగమూ వెట్టే అనాలి. ఈ అభ్యంతరంలో సగం నిజముంది. అవసరం దానంతటదే బలవంతం కాదు. కానీ ఢిల్లీ కూలీ రూపాయి ఆకలి కోసింది కాదు, జమాదారు కోసింది. చట్టం అతనిదని చెప్పిన డబ్బును, కాదంటే పస్తే కదా అన్న ధీమాతో పట్టుకున్నాడు. బలవంతం ఆ ధీమాలో ఉంది. గుమాస్తాకు రావలసింది వస్తున్నంతకాలం అతని మీద అలాంటి చెయ్యి లేదు.

“రూపాయి కోయకపోతే పనే దొరకదు” అనే మాట ఇంకా తరచుగా వినిపిస్తుంది. రాజస్థాన్‌లో కరువు పనుల విషయంలో ప్రభుత్వమే ఈ ధోరణిలో వాదించింది: ఇది సాయం, కూలి చట్టం దీనికి వర్తించదని. అందుకోసం 1964లో ఒక మినహాయింపు చట్టం కూడా చేసుకుంది. 1983లో సంజిత్ రాయ్ కేసులో ఆ మినహాయింపు చెల్లదని కోర్టు కొట్టేసింది. కరువులో ఉన్నవాడి చేత రోడ్డు వేయించుకుని, కరువు పేరు చెప్పి కూలి తగ్గించడం సాయమెలా అవుతుంది?

అయితే ఈ తీర్పులు గీసిన గీత కూలి రేటు దగ్గరే ఆగింది. అడ్వాన్సు సంగతి అంతకన్నా చిక్కు. పాలమూరు కూలీ మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని ఊరు దాటితే, మధ్యలో మానేసి వెళ్లే దారి ఆ అప్పు దగ్గరే మూసుకుపోతుంది. అడ్వాన్సు తీసుకుని పని ఎగ్గొట్టినవాణ్ని నేరస్థుడిగా శిక్షించే చట్టాన్ని బ్రిటిష్ పాలన 1859లో తెచ్చి 1925లో తీసేసింది. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వెట్టి అప్పులనే రద్దు చేసింది. కాగితం మీద ఇన్ని జరిగినా, వెళ్లిపోగలడా లేదా అన్నది ఇప్పటికీ మేస్త్రీ లెక్కలే తేలుస్తాయి. కార్మిక శాఖ అధికారి పని స్థలానికి వెళ్లినప్పుడు, ఇష్టపడే వచ్చావా అని కూలీని అడిగే ముందు మేస్త్రీ లెక్కల పుస్తకం తెరిపించాలి.