భయపడే ముందు లెక్క అడగండి
(శ్రీనివాసపురం కార్మికుల సభలో యూనియన్ కార్యదర్శి చేసిన ప్రసంగం)



పదేళ్ళుగా ఒకేచోట కూర్చుని సంగటి తిన్న మన స్పిన్నింగ్ ఆడవాళ్ళు ఇప్పుడు రెండు గుంపులయ్యారు. తురకల ఆడబిడ్డలు ఒక పక్క, మిగతావాళ్ళు ఒక పక్క. ఎందుకమ్మా అంటే, "సినిమా చూసినాము అన్నా, భయంగా ఉంది" అన్నారు. ఆ భయం గురించే నాలుగు మాటలు చెబుతాను.

అనుమానం అనేది మనకు కొత్త కాదు. మన జిల్లాలోనే, బంగారు గనుల్లో, 1930లో కార్మికుల వేలిముద్రలు తీసుకోబోయారు. మేమేమన్నా దొంగలమా అని వేలమంది మూడు వారాలు సమ్మె చేశారు. 1988లో నేను మిల్లులో చేరిన కొత్తలో, బోనస్ అడిగినందుకు మమ్మల్ని నక్సలైట్లన్నారు. నా చేతిలో ఉన్నది టిఫిన్ క్యారియర్ ఒక్కటే! అయినా సగంమంది భయపడి యూనియన్ గడప తొక్కలేదు. ఆ ఏడు బోనస్ రాలేదు.

ఇక సినిమా సంగతి. 2023లో 'ది కేరళ స్టోరీ' ప్రచారంలో 32 వేలమంది ఆడపిల్లల మతం మార్చారని చెప్పారు. సుప్రీంకోర్టులో అడిగేసరికి, ఆ అంకెకు నమ్మదగిన ఆధారం లేదని సినిమాలోనే వేస్తామని నిర్మాత ఒప్పుకున్నాడు. అంతకు ముందే, 2020 ఫిబ్రవరిలో, అప్పటి కేంద్ర హోంశాఖ సహాయమంత్రి కిషన్ రెడ్డిగారు, 'లవ్ జిహాద్' అనే మాటకు చట్టంలో నిర్వచనం లేదనీ, కేంద్ర సంస్థలు అలాంటి కేసేదీ తెలపలేదనీ లోక్‌సభకు చెప్పారు. ఆయన బి.జె.పి. నాయకుడే, మన యూనియన్ మనిషి కాదు.

తీవ్రవాదులు లేరని నేననను. కేరళ నుంచి కొందరు వెళ్ళిన మాట నిజం. తప్పు చేసినవాణ్ణి చట్టం పట్టుకోవలసిందే. కానీ 2016 నుంచి 2020 వరకు యు.ఎ.పి.ఎ. చట్టం కింద 7,243 మందిని పట్టుకుంటే, శిక్షపడింది 212 మందికని ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. చాలామంది కేసులు అప్పటికి తేలనే లేదు. ముద్ర వేయడం సులభం, రుజువు చేయడం కష్టం.

కాబట్టి ఎవరైనా భయపెడితే అడగండి: ఎంతమంది? ఎవరు లెక్కపెట్టారు? ఏ కోర్టు తేల్చింది?

బోనస్ చర్చలు దగ్గరికొచ్చాయి. రెండు గుంపులుగా తినేవాళ్ళు ఒక్క గొంతుతో అడగలేరు. రేపు మధ్యాహ్నం బెల్లు కొట్టగానే అందరూ ఒకేచోట కూర్చోండి. నా క్యారియర్ తీసుకుని నేనూ వస్తాను.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!